నిద్ర తగ్గితే అందరూ ఒకేలా ఎందుకు అలసిపోరు? జన్యువుల పాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే వయసు, ఒకే ఆరోగ్యం ఉన్న ఇద్దరిని రాత్రంతా మేలుకొని ఉండమంటే, తెల్లవారేసరికి ఒకరు అప్పగించిన పనిని దాదాపు మామూలుగానే చేస్తుంటారు; రెండోవారు కళ్లు తెరుచుకునే ఉన్నా ఎదురుగా ఉన్న తెర మీద కనిపించిన దానికి స్పందించలేకపోతారు. ఈ తేడాలో పుట్టుకతో వచ్చినది ఎంత, ఏయే జన్యువుల ప్రమేయం పరిశోధనల్లో కనిపించింది, ఆ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు అన్న విషయాల మీద ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు కింద సమాధానాలు ఉన్నాయి.

నిద్ర లేకపోవడాన్ని కొందరు నిజంగానే ఇతరుల కంటే బాగా తట్టుకుంటారా, లేక అది ఆ రోజు పరిస్థితిని బట్టి ఉంటుందా?

నిజంగానే తట్టుకుంటారు, ఆ తేడా స్థిరమైనది కూడా. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో 21 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో మూడు వేర్వేరు సందర్భాల్లో 36 గంటల చొప్పున మేలుకొని ఉంచారు. ఒక సందర్భానికి ముందు వారం వారికి నిద్రాసమయం తగ్గించారు, మిగతా సందర్భాలకు ముందు కావలసినంత ఇచ్చారు. అయినా మొదటిసారి బాగా దెబ్బతిన్నవారే తరువాత కూడా దెబ్బతిన్నారు, మొదటిసారి నిలదొక్కుకున్నవారే మళ్లీ నిలదొక్కుకున్నారు. ముందు వారం ఎంత నిద్రపోయారన్న దానికంటే ఆ మనిషి ఎవరన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించింది.

అదే ప్రయోగంలో బయటపడిన మరో సంగతికి రావలసినంత ప్రచారం రాలేదు. నిద్రమత్తుగా ఉందని తమకు తాము అనిపించడం, లెక్కలూ జ్ఞాపకశక్తీ అవసరమైన పనుల్లో సామర్థ్యం, రెప్పపాటులో స్పందించవలసిన పనుల్లో అప్రమత్తత అనే మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి లేవు. ఒక విషయంలో గట్టిగా నిలబడ్డ మనిషి మరో విషయంలో త్వరగా కుంగిపోవచ్చు. కాబట్టి "ఫలానావారు నిద్రకు ఆగగలరు" అన్న మాట విన్నప్పుడు "ఏ పనిలో?" అని తిరిగి అడగడం సబబు.

ఈ తట్టుకునే శక్తిని ఎలా కొలుస్తారు?

ఎక్కువగా వాడే పరీక్ష చూడటానికి చాలా చప్పగా ఉంటుంది, దాని బలం కూడా అదే. పాల్గొనే వ్యక్తి పది నిమిషాల పాటు ఒక చిన్న ఖాళీ గడిని చూస్తూ కూర్చోవాలి. రెండు నుంచి పది సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు అందులో అంకెలు కనిపించి మిల్లీసెకన్ల లెక్కన పరుగెత్తడం మొదలుపెడతాయి. వెంటనే మీట నొక్కితే అంకెలు ఆగిపోయి, స్పందించడానికి ఎంత సమయం పట్టిందో అక్కడే కనిపిస్తుంది. నిద్ర చాలినవారికి సాధారణంగా 200 నుంచి 300 మిల్లీసెకన్లు పడుతుంది. 500 మిల్లీసెకన్లు దాటితే దానిని ఒక లోపంగా లెక్కిస్తారు. రాత్రంతా మేలుకున్నవారిలో కొందరికి ఇలాంటి లోపాలు రెండో మూడో ఉంటే, మరికొందరికి పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక్కోసారి అనేక సెకన్లు గడిచినా మీట మీద వేలు కదలదు. నేర్చుకోవలసినది ఏమీ లేని పరీక్ష కనుక, తెలివితేటల వల్లనో అలవాటు వల్లనో ఫలితం మారిపోతుందన్న బెడద ఇందులో చాలా తక్కువ.

ఈ తేడాకు కారణం జన్యువులేనని ఎలా తేలింది?

కవలల మీద చేసిన పరిశోధనల వల్ల. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 100 జతల కవలలను 38 గంటల పాటు మేలుకొని ఉంచి పై పరీక్షను పదే పదే పెట్టారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల ఫలితాలు పరస్పరం చాలా దగ్గరగా ఉండగా, రెండు అండాల నుంచి పుట్టిన కవలల మధ్య అంత పోలిక కనిపించలేదు. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో పెరుగుతారు కనుక, ఈ వ్యత్యాసం ప్రధానంగా జన్యువుల నుంచే వచ్చిందని భావించాలి. మనుషుల మధ్య కనిపించిన తేడాలో సగానికి మించి జన్యుపరమైనదేనని ఆ పరిశోధకులు లెక్కగట్టారు.

ఈ లెక్కను తప్పుగా అర్థం చేసుకునేవారు చాలామంది. ఇది ఒక సమూహంలోని మనుషుల మధ్య ఉన్న తేడాకు సంబంధించిన అంచనా మాత్రమే. ఒక వ్యక్తి అలసటలో సగం జన్యువుల వల్లా, మిగతా సగం పరిస్థితుల వల్లా వచ్చిందని దీని అర్థం కాదు.

అసలు మేలుకొని ఉన్న కొద్దీ నిద్ర ఎందుకు ముంచుకొస్తుంది? జన్యువులు ఇందులో ఎక్కడ జోక్యం చేసుకుంటాయి?

నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా ఇప్పటికీ ఈ రంగానికి పునాదిగా ఉంది. దాని ప్రకారం నిద్రను రెండు వ్యవస్థలు నడుపుతాయి. మెలకువగా ఉన్నంతసేపూ అప్పులా పెరుగుతూ, గాఢనిద్రలో తీరిపోయే నిద్ర ఒత్తిడి మొదటిది. ఎంత నిద్రపోయామన్న దానితో సంబంధం లేకుండా సుమారు 24 గంటలకు ఒకసారి మెలకువనూ మగతనూ పెంచి తగ్గించే జీవ గడియారం రెండోది. రాత్రంతా మేలుకున్నవారికి తెల్లవారుజామున భరించలేనంత నిద్ర వచ్చి, ఉదయం పది గంటలకు కొంత తేలికపడినట్టు అనిపించడానికి ఈ రెండో వ్యవస్థే కారణం. అప్పటికి నిద్ర ఒత్తిడి తగ్గదు సరికదా, ఇంకా పెరిగి ఉంటుంది.

నిద్ర ఒత్తిడికి రసాయన రూపం ఒక్కటే కాదు కానీ, అందులో ముఖ్యమైనది అడినోసిన్. మెదడు కణాలు శక్తిని ఖర్చు చేసే కొద్దీ ఇది కణాల వెలుపల పోగుపడుతుంది, తనకోసం ఉన్న గ్రాహకాలకు అతుక్కుని మెలకువను నిలిపే నాడీకణాల జోరు తగ్గిస్తుంది. అడినోసిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌నూ, దాని గ్రాహకాలనూ, జీవ గడియారంలోని ప్రొటీన్లనూ, మెలకువను కాపాడే డోపమైన్ వంటి రసాయనాలను అదుపు చేసే ఎంజైమ్‌లనూ తయారుచేసే జన్యువుల్లో మనిషికీ మనిషికీ చిన్న చిన్న తేడాలుంటాయి. పరిశోధకులు ఎక్కువగా వెతుకుతున్నది ఈ నాలుగు చోట్ల.

అడినోసిన్‌కు సంబంధించిన జన్యువుల్లో ఏం కనిపించింది?

అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ అడినోసిన్‌ను మరో పదార్థంగా మార్చేస్తుంది. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే ఏడీఏ జన్యువులో ఒక్క అక్షరం మారిన రూపం కొందరిలో ఉంటుంది, వారిలో ఆ ఎంజైమ్ కాస్త మందకొడిగా పనిచేస్తుంది. జూరిచ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ రూపం ఉన్నవారికి రాత్రి గాఢనిద్ర ఇతరుల కంటే దాదాపు అరగంట ఎక్కువ. వినడానికి వరంలా ఉన్నా, దీనికి మరో వైపు కూడా ఉంది. అదే బృందం తరువాత చేసిన ప్రయోగంలో, నిద్ర లేకుండా గడిపినప్పుడు వీరి అప్రమత్తత మిగతావారి కంటే ఎక్కువగా తగ్గింది. గాఢనిద్ర ఎక్కువగా పట్టేవారు నిద్ర లేమికి బాగా తట్టుకుంటారన్న సాధారణ అభిప్రాయానికి ఇది పూర్తిగా విరుద్ధం. గాఢనిద్ర ఎక్కువగా ఉండటం ఇక్కడ లోపల నిద్ర ఒత్తిడి బలంగా ఉందనడానికి గుర్తు.

పెర్-3 జన్యువు పేరు తరచుగా వినిపిస్తుంది. దాని ప్రత్యేకత ఏమిటి?

జీవ గడియారాన్ని నడిపే జన్యువుల్లో ఇది ఒకటి. దీనిలో 54 అక్షరాల ఒక భాగం కొందరిలో నాలుగుసార్లు, మరికొందరిలో అయిదుసార్లు పునరావృతమవుతుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి కనుక, రెండు ప్రతుల్లోనూ నాలుగు ఉన్నవారు, రెండింటిలోనూ అయిదు ఉన్నవారు, చెరొకటి ఉన్నవారు అని మూడు రకాలు. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం 2007లో వెలువరించిన అధ్యయనంలో మొదటి రెండు రకాలవారిని పోల్చారు. రెండు ప్రతుల్లోనూ అయిదు ఉన్నవారు త్వరగా నిద్రలోకి జారుకున్నారు, వారికి గాఢనిద్ర ఎక్కువగా పట్టింది. రాత్రంతా మేలుకున్న తరువాత మాత్రం ఆలోచించి నిర్ణయించవలసిన పనుల్లో వారే ఎక్కువగా తడబడ్డారు, అందులోనూ తెల్లవారుజాము గంటల్లో. మెదడు చిత్రాలు తీసిన తరువాతి అధ్యయనం కూడా ఇదే దిశలో ఫలితాలనిచ్చింది.

అంతమాత్రాన పెర్-3ని "నిద్ర జన్యువు" అనేయడం తొందరపాటు. 2007 నాటి ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు 24 మందే. పైగా 2009లో అమెరికాలో చేసిన ప్రయోగంలో, రాత్రంతా మేలుకోబెట్టకుండా వరుసగా కొన్ని రాత్రులు నాలుగు గంటల చొప్పున మాత్రమే నిద్రపోనిచ్చినప్పుడు, పెర్-3 రూపాల మధ్య సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్క రాత్రి పూర్తిగా నిద్ర మానడమూ, వారం పాటు రోజూ సగం నిద్రతో సరిపెట్టుకోవడమూ ఈ జన్యువు దృష్టిలో ఒకటి కావన్నమాట. నిజజీవితంలో చాలామంది పరిస్థితి రెండో రకానిది కనుక, ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

డోపమైన్‌కు ఇందులో పాత్ర ఉందా?

ఉంది. మెదడు ముందుభాగంలో డోపమైన్‌ను విచ్ఛిన్నం చేసే సీఓఎంటీ అనే ఎంజైమ్‌కు రెండు సాధారణ రూపాలున్నాయి. 158వ స్థానంలో వాలిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్లను కూర్చే చిన్న అణువు) ఉన్న రూపం చురుకుగానూ, మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉన్న రూపం నెమ్మదిగానూ పనిచేస్తాయి. పరిస్థితి మారినప్పుడు పాత పద్ధతిని వదిలి కొత్తదానికి మళ్లగలగడం ఎంతో అవసరమైన సామర్థ్యం. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపినదాని ప్రకారం, నిద్ర లేనప్పుడు ఆ సామర్థ్యం వాలిన్ రూపం ఉన్నవారిలో ఎక్కువగా దెబ్బతింటుంది.

మందుల విషయంలోనూ ఈ జన్యువు ప్రభావం కనిపించింది. మెలకువ కోసం వైద్యులు రాసే మొడాఫినిల్‌ను నిద్ర లేనివారికి ఇచ్చి చూసినప్పుడు, రెండు ప్రతులూ వాలిన్ రూపమే అయినవారి ఆలోచనా సామర్థ్యాన్ని అది బాగా నిలబెట్టింది. రెండూ మెథియోనిన్ రూపమైనవారికి ఆ మేలు జరగలేదు.

కాఫీ తాగితే ఒకరికి నిద్ర ఎగిరిపోతుంది, మరొకరు తాగి పడుకుంటారు. ఇదీ జన్యువుల వల్లనేనా?

చాలావరకు అవును. కెఫీన్ అడినోసిన్ గ్రాహకాలను ఆక్రమించి, అడినోసిన్ తన పని చేయకుండా అడ్డుపడుతుంది. వాటిలో ఏ2ఏ గ్రాహకం కీలకమైనది; దానిని జన్యుపరంగా తొలగించిన ఎలుకలకు కెఫీన్ ఇచ్చినా మెలకువ పెరగదు. మనుషుల్లో ఈ గ్రాహకపు జన్యు రూపాన్ని బట్టి కెఫీన్ వల్ల నిద్ర చెడే తీరు మారుతుందని తేలింది. కెఫీన్‌ను కాలేయంలో విరిచే సీవైపీ1ఏ2 ఎంజైమ్ వేగం కూడా అందరిలో ఒకేలా ఉండదు. ఒకటి గుర్తుంచుకోవాలి: కెఫీన్ నిద్ర ఒత్తిడిని కప్పిపెడుతుందే తప్ప తీర్చదు.

చాలా తక్కువ నిద్రతోనే ఆరోగ్యంగా ఉండేవారు నిజంగా ఉంటారా?

ఉంటారు, అయితే బహు అరుదుగా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో శాఖలో యింగ్-హుయి ఫు బృందం 2009లో ఒక కుటుంబంలోని తల్లీకూతుళ్ల గురించి ప్రచురించింది. వారిద్దరి డెక్-2 జన్యువులో, 384వ స్థానంలో ప్రోలిన్‌కు బదులు ఆర్జినిన్ వచ్చేలా మార్పు ఉంది. ఆ మార్పు లేని కుటుంబ సభ్యులు రోజుకు ఎనిమిది గంటలు నిద్రపోతే, వీరికి ఆరుంబావు గంటలు సరిపోయేవి. అదే మార్పును ఎలుకల్లో ప్రవేశపెట్టినప్పుడు అవి తక్కువ నిద్రపోవడమే కాక, బలవంతంగా మేలుకోబెట్టిన తరువాత కోల్పోయిన నిద్రను పూడ్చుకునే తపన కూడా వాటిలో తక్కువగా కనిపించింది. మెలకువను నిలిపే ఒరెక్సిన్ ఉత్పత్తి మీద ఈ జన్యువుకున్న అదుపు సడలిపోవడమే అందుకు కారణమని 2018లో తేలింది.

2014లో కవలల మీద చేసిన అధ్యయనం మరింత ఆసక్తికరమైనది. అదే జన్యువులో మరోచోట మార్పు ఉన్న ఒక వ్యక్తి, ఆ మార్పు లేని తన కవల కంటే గంటకు పైగా తక్కువ నిద్రపోయేవారు. 38 గంటలు మేలుకొని ఉన్నప్పుడు అప్రమత్తత పరీక్షలో చేసిన లోపాలూ తక్కువే. తరువాతి సంవత్సరాల్లో ఏడీఆర్‌బీ1, ఎన్‌పీఎస్‌ఆర్1, జీఆర్‌ఎం1 అనే జన్యువుల్లోనూ ఇటువంటి అరుదైన మార్పులు బయటపడ్డాయి.

నాకు అయిదు గంటల నిద్ర చాలనిపిస్తుంది. నాలోనూ అలాంటి జన్యువు ఉన్నట్టేనా?

ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం. బ్రిటన్‌లోని లక్షలాది మంది జన్యు సమాచారాన్ని భద్రపరిచిన యూకే బయోబ్యాంక్‌లో ఈ అరుదైన మార్పులు ఉన్నవారిని వెతికి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. కుటుంబ అధ్యయనాల్లో కనిపించినంత పెద్ద ప్రభావం సాధారణ జనాభాలో కనిపించలేదు. అంటే, మార్పు ఉన్నా కూడా నిద్ర అవసరం తప్పనిసరిగా తగ్గుతుందని చెప్పలేం.

ఇక "చాలనిపిస్తుంది" అన్న మాట సంగతి. 2003లో ప్రచురితమైన ప్రయోగంలో రోజుకు ఆరు గంటల చొప్పున, నాలుగు గంటల చొప్పున రెండు వారాలు నిద్రపోయినవారి సామర్థ్యం రోజురోజుకూ దిగజారుతూనే పోయింది. ఆరు గంటలవారు కూడా చివరికి రాత్రంతా మేలుకున్నవారి స్థాయికి చేరారు. కానీ తమకు ఎంత నిద్ర వస్తోందని అడిగితే, మొదటి కొద్ది రోజుల తరువాత వారి సమాధానాల్లో పెద్దగా మార్పు లేదు. అలవాటు పడిపోయామని వారు నమ్మారు, మెదడు అలవాటు పడలేదు. పుట్టుకతోనే తక్కువ నిద్ర చాలేవారిని గుర్తించడానికి ఒక సూచన ఉంది: వారు సెలవు రోజుల్లోనూ, అలారం లేకపోయినా, అంతే నిద్రపోయి తేలికగా లేస్తారు, పగలు కునుకు కోసం వెతుక్కోరు. వారాంతంలో పది గంటలు పడుకునేవారు ఈ కోవలోకి రారు.

నార్కోలెప్సీతో (పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే వ్యాధితో) సంబంధమున్న జన్యువు ఆరోగ్యవంతుల్లో ఉంటే?

డీక్యూబీ1*06:02 అనే రోగనిరోధక జన్యు రూపం మొదటి రకం నార్కోలెప్సీ రోగుల్లో దాదాపు అందరిలోనూ ఉంటుంది, కానీ అది ఉన్న ఆరోగ్యవంతుల్లో అత్యధికులకు ఆ వ్యాధి ఎన్నడూ రాదు. నిద్ర కుదించిన ప్రయోగంలో ఈ రూపం ఉన్న ఆరోగ్యవంతులు ఎక్కువ మగతగా, అలసటగా ఉన్నామన్నారు. పరీక్షల్లో మాత్రం ఇతరులతో సమానంగానే చేశారు. అనిపించడమూ చేయగలగడమూ వేర్వేరని చెప్పడానికి ఇది మరో సాక్ష్యం.

జన్యువులు నిద్రను ప్రభావితం చేసినట్టే, నిద్ర తగ్గడం జన్యువులను ప్రభావితం చేస్తుందా?

జన్యువుల్లోని అక్షరాలు మారవు, అవి పనిచేసే మోతాదు మారుతుంది. సర్రే విశ్వవిద్యాలయం 2013లో 26 మందికి ఒక వారం పాటు రాత్రికి ఆరు గంటల లోపే నిద్ర దక్కేలా చేసి, రక్తకణాల్లో జన్యువుల చురుకుదనాన్ని కొలిచింది. 711 జన్యువుల పనితీరు పెరగడమో తగ్గడమో జరిగింది. రోగనిరోధక శక్తి, వాపు, ఒత్తిడికి స్పందన, జీవ గడియారం వంటి వాటికి చెందినవి వాటిలో ఉన్నాయి.

శరీర బరువు విషయంలో మరో రకమైన బంధం కనిపించింది. 2012లో అమెరికాలో 1,088 జతల కవలలను పరిశీలించినప్పుడు, రాత్రికి ఏడు గంటల కంటే తక్కువ నిద్రపోయేవారిలో బరువు తేడాలకు జన్యువుల వాటా సుమారు 70 శాతంగా, తొమ్మిది గంటలు లేదా అంతకు మించి నిద్రపోయేవారిలో 32 శాతంగా తేలింది. బరువు పెంచే జన్యువులకు నిద్ర తగ్గడం దారి సుగమం చేస్తున్నట్టు దీన్నిబట్టి భావించవచ్చు.

జంతువుల్లోనూ ఇలాంటి తేడాలున్నాయా?

ఉన్నాయి. పండ్ల ఈగల్లో షేకర్ అనే జన్యువు దెబ్బతిన్న ఒక రకం రోజుకు మూడు నాలుగు గంటలే నిద్రపోతుంది, అయినా చురుకుగానే ఉంటుంది. అయితే దాని ఆయుష్షు తక్కువ. ఎలుకల్లో జాతిని బట్టి, మేలుకోబెట్టిన తరువాత గాఢనిద్ర పెరిగే మోతాదు మారుతుంది.

జన్యు పరీక్ష చేయించుకుని, నేను ఏ రకమో తెలుసుకోవచ్చా?

ప్రస్తుతం అలాంటి పరీక్ష మీద డబ్బు పెట్టడం వృథా అన్నదే మా అభిప్రాయం. పైన చెప్పిన పెర్-3, ఏడీఏ, సీఓఎంటీ ఫలితాల్లో ఎక్కువ భాగం కొన్ని పదుల మందితో చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవే. లక్షల మందిని పరిశీలించినప్పుడు కనిపించే చిత్రం వేరు. 2019లో నాలుగున్నర లక్షల మంది సమాచారంతో చేసిన అధ్యయనం, నిద్ర వ్యవధితో సంబంధమున్న 78 స్థానాలను జన్యుపటంలో గుర్తించింది. వాటిలో బాగా ప్రభావవంతమైన దాని వల్ల కూడా నిద్రలో వచ్చే తేడా రెండు మూడు నిమిషాలే. ఇలాంటి అనేక చిన్న ప్రభావాలు కలిసి మనిషి స్వభావాన్ని తీర్చుతున్నప్పుడు, ఏదో ఒక జన్యువును చూసి "మీరు తట్టుకోగలరు" అని రాసిచ్చే నివేదికకు విలువ ఉండదు. రాత్రి విధులకు మనుషులను ఎంచుకోవడానికి దానిని వాడితే అది అన్యాయం కూడా అవుతుంది.

సాధనతో ఈ శక్తిని పెంచుకోవచ్చా?

పెంచుకోలేం. కానీ నిద్ర తగ్గబోతోందని ముందే తెలిసినప్పుడు, అంతకు ముందు వారం రోజూ ఎక్కువసేపు నిద్రపోయినవారు ఆ తరువాతి కొరతను కొంత మెరుగ్గా ఎదుర్కొన్నారని, త్వరగా కోలుకున్నారని 2009లో ఒక ప్రయోగం చూపింది. వయసు ప్రభావమూ ఉంది: ఒక రాత్రి నిద్ర లేనప్పుడు, అప్రమత్తత పరీక్షల్లో పెద్దవారి కంటే యువతే ఎక్కువగా తడబడుతుంది.

తట్టుకునే శక్తి ఎక్కువగా ఉన్నవారికి నిద్ర తగ్గినా ఆరోగ్యానికి నష్టం లేనట్టేనా?

కాదు. పైన చెప్పిన తట్టుకునే శక్తి అంతా మెదడు పనితీరుకు, అందులోనూ ఎక్కువగా అప్రమత్తతకు సంబంధించినది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే వ్యవస్థను మీట నొక్కే ఆ అప్రమత్తత పరీక్ష కొలవదు. చికాగో విశ్వవిద్యాలయంలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగు గంటల చొప్పున నిద్రపోనిచ్చినప్పుడు, చక్కెరను వినియోగించుకునే వారి సామర్థ్యం తగ్గిందని, సాయంత్రం పూట ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ పెరిగిందని 1999లోనే తేలింది. మీట నొక్కడంలో ఎంత చురుకైనవారైనా ఈ మార్పులను గమనించలేరు, ఎందుకంటే వీటివల్ల ఆవలింత రాదు.